బావగారి దుప్పటి వాలీబాల్

డ్రిల్లు మాస్టారికి ఒళ్లు మండిపోతోంది. సెలవుల్లో పిల్లలకి వాలీబాల్ నేర్పే పని ఎవరికివ్వాలో తేలుద్దామని పెద్దమేడం స్కూలు ఎదురు టీకొట్టులో కూర్చుంటే, ఆ పని మీద ఏడాదిగా ఆశ పెట్టుకున్న తనకి నోరు తెరిచే సందివ్వకుండా బావగారు అందుకున్నాడు. అక్కమొగుడాయె, కసురుకోడానికీ లేదు.

"ఎనిమిదో క్లాసు పిల్లలు మేడం! బంతి వస్తోందంటే కళ్లు మూసుకుని మొహానికి చేతులడ్డం పెట్టుకునేవాళ్లు. వాళ్లకి పాఠం చెబితే ఎక్కుతుందా? అందుకని నేనేం చేశానో తెలుసా? నలుగురికో దుప్పటిచ్చి, తలో కొసా పట్టుకోమన్నా. బంతి అందులో పడాలి, విదిలిస్తే నెట్టు దాటాలి. ఆడుతూ ఆడుతూనే బంతి కిందకి చేరడం, మోకాళ్లు వంచడం వచ్చేశాయి!"

అది మాస్టారు ఎండలో మాడి కనిపెట్టిన ఆట. బావగారు గోడ అవతల నిలబడి చూశాడంతే.

"భలే ఉందండీ," అంది పెద్దమేడం.

"అప్పుడే ఏమైంది! ఓసారి విదిలిస్తే బంతి మబ్బుల్లో దూరిపోయింది. పిల్లలు ఇంటికెళ్లి భోంచేసి, కునుకు తీసి వచ్చినా దిగలేదు."

"మరెప్పుడు దిగింది?" అన్నాడు టీకొట్టాయన.

"సాయంత్రానికి, తడిసి ముద్దయి! పైన వానయ్యా. కింద చుక్క లేదు."

"బావా, ఇక చాలు," మాస్టారు పళ్లు నూరాడు.

"నువ్వుండవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ బక్కపిల్ల కొస వదల్లేక బంతితో పాటు తనూ లేచింది. నెట్టు దాటి, ప్రహరీ దాటి, గాల్లోంచే సర్వీసు కొట్టింది! దుప్పట్లు నాలుగూ పీలికలైపోయాయి. పోతే పోనీ, పిల్లలకన్నా ఎక్కువా అన్నా!"

"ఏ దుప్పట్లు?"

టీకొట్టు పక్కనే లాండ్రీ నడిపే మాస్టారి అక్క, తన కొట్టు గుమ్మంలో నిలబడి ఉంది. "లాడ్జివాళ్లు ఉతకడానికిచ్చిన నాలుగు తెల్లవేనా? వాళ్లు నన్ను దొంగంటే మూటలన్నీ విప్పి వెతుకుతున్నా. మీరు పట్టుకెళ్లారా?"

ఎవరూ తీసుకెళ్లక లాండ్రీలో మూలపడ్డ దుప్పట్లనుకుని వాటిని తెచ్చింది మాస్టారే మరి.

బావగారు దిగ్గున లేచాడు. "నేనా? ఒట్టు! ఆ గ్రౌండులో కాలే పెట్టలేదే! ఆట కనిపెట్టిందీ వాడే, దుప్పట్లు తెచ్చిందీ వాడే, పిల్లలకి నేర్పిందీ వాడే! కావాలంటే పిల్లల్ని అడుగు!"

పెద్దమేడం గ్లాసు కింద పెట్టి మాస్టారివైపు తిరిగింది. "అయితే రేపట్నుంచి పిల్లలు మీ చేతిలోనే, మాస్టారూ."

మాస్టారు దణ్ణం పెట్టబోయాడు.

"రేపటి సంగతి తర్వాత," అంది అక్క కొంగు బిగిస్తూ. "ముందు నువ్విలా లోపలికి రా, తమ్ముడూ."