పదహారో అంతస్తు పిజ్జా

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా అంకన్న టీకొట్టులో పీరా చొక్కా చేతులు మోచేతి పైదాకా మడిచాడంటే ఇక కోతలు మొదలైనట్టే. కువైట్ నుంచి వచ్చిన నాలుగు నెలలుగా ఆ చేతులు రోజూ మడతపడుతూనే ఉన్నాయి. అయితే ఆ రోజు సంగతి వేరు. నంద్యాలలో బేకరీ నడిపే ఇంతియాజ్ పిజ్జాలు కూడా మొదలుపెడదామనుకుని, మాస్టర్ కోసం వెతుక్కుంటూ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. పని కుదిరితే పీరా పెళ్లాంబిడ్డలతో ఇక్కడే ఉండిపోవచ్చు. కుదరకపోతే వచ్చే నెల మళ్లీ విమానం ఎక్కాల్సిందే. కువైట్ ఎండ మళ్లీ చూడాలని అతనికి లేదు. అందుకే అంతకుముందే ఇంతియాజ్‌కి ఫోనులో ముందూ వెనకా చూడకుండా "ఆరేండ్లు ఇటలీ పిజ్జా మాస్టర్‌గా చేసినా" అనేశాడు.

ఇంతియాజ్ తల్లి ఫాతిమున్నీసా ముప్పై ఏళ్లు బేకరీ భట్టీ ముందు నిలబడి బన్నులూ రస్కులూ కాల్చిన మనిషి. బెంచీ చివర కూర్చుని టీ ఊదుకుంటోంది. ఇదేదో పెళ్లిచూపుల్లా ఉందని అంకన్న లోపల్లోపల నవ్వుకున్నాడు.

"కువైట్‌లో పిజ్జా అంగళ్లు సందుకొకటి ఉంటాయప్పా," మొదలుపెట్టాడు పీరా. "అన్నీ దొంగ సరుకే. రొట్టె మీద టమోటా రసం పూసి ఇస్తారు. తింటే అసలైన ఇటలీ పిజ్జానే తినాలని పట్టుబట్టినా. తిరగంగా తిరగంగా, సాల్మియాలో, మసీదు దాటినాక రెండో సిగ్నల్, పెట్రోలు బంకు వెనకాల ఒక చిన్న అంగడి దొరికె. ఇటలీవోడు, పేరు లూకా."

"అది అసలైందని ఎట్ల కనుక్కున్యావు?" అన్నాడు రాళ్లు చెక్కే ప్రతాప్.

"వాసన! నాలుగు సిగ్నళ్ల అవతల నుంచే పట్టేసినా. లోపలికి పోయి, తినకుండానే, ఉప్పు చిటికెడు తక్కువైందప్పా అని చెప్పినా. లూకా పిండి చేతుల్తోనే నా కాళ్ల మీద పడె. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? భట్టీ నాకు అప్పజెప్పి వాడు గల్లాపెట్టె కాడ కూర్చునె. ఆ అగ్గి ఎట్లాంటిదనుకున్యారు? ఇనుప గరిటె పెడితే కరిగి కారిపోతాది. అందుకే నేను గరిటె జోలికే పోలే. ఇదో, ఈ చెయ్యే! లోపల పెట్టి, పిజ్జా తిప్పి, తీసేటోణ్ణి. దినానికి మున్నూరు. ఆరేండ్లు!"

పీరా కుడిచెయ్యి అందరి ముందూ చాచాడు. ఫాతిమున్నీసా టీ ఊదడం ఆపి ఆ చెయ్యి వైపు చూసింది. పెద్దామె మెత్తబడిందనుకున్నాడు పీరా. ఇక అతన్ని ఆపేవాళ్లు లేరు.

"ఆ అగ్గికి భట్టీ అడుగు రాయి పగిలిపోతాంటే, మన ఆళ్లగడ్డ రాయి ఓడలో తెప్పించినా. దాని మీద నెమలిని చెక్కించినా. పిజ్జా తిరగేస్తే అడుగున నెమలి!"

"ఎవురు చెక్కినారప్పా మాకు తెలీకుండా?" అన్నాడు ప్రతాప్.

"మీ నాయనే."

"మా నాయన పోయి పదేండ్లాయె."

"అందుకే నీకు చెప్పలేకపోయినాడు పాపం. ఇను. ఒకదినం పిండి ఎగరేసినా. సముద్రం గాలి తగులుకుని పదహారో అంతస్తు దాకా పోయె. ఆ బిల్డింగులో శుక్రవారం లిఫ్టు పనిచేయదు. వాచ్‌మన్ ముందు గేటు తీయడు, చెత్తడబ్బాల పక్కనుంచి పోవాల. మెట్లు రెండువందల ఎనభై ఎనిమిది. ఎక్కి తలుపు కొడితే, ఒక ఇటలీ ముసలామె నా పిండి చేతిలో పట్టుకోని ఏడుస్తాంది. ఇది మా అమ్మ చేతి పిండి అంటాది! ఆమె ఎవురో తెలుసునా? ఇటలీలో ఉండే పిజ్జా మాస్టర్లందరికీ పెద్ద. ఆడనుంచే ఫోను కొట్టె. ఇంగ వారానికొక విమానం! ఇటలీవోళ్లు తినేదంతా నా పిజ్జానే. నేను వచ్చేసినప్పటి నుంచి ఆ దేశం పస్తులుంటాంది."

"అయ్యో పాపం," అన్నాడు అంకన్న.

"నంద్యాలలో పెట్టినామంటే విమానం ఓర్వకల్లు ఏర్‌పోర్టుకే వస్తాది ఇంతియాజ్ భాయ్. పాణ్యం మీద బేగా తీస్కపోవాల, అంతే. పదకొండు నిమిషాలు దాటితే పిజ్జా తోలు మాదిరి సాగుతాది. పెట్టె వంచితే చీజంతా ఒక పక్కకు జారుతాది. మూలమలుపుల కాడ మటుకు పదిలం."

ఫాతిమున్నీసా గ్లాసు కింద పెట్టింది.

"పీరా, ఆ చెయ్యి ఇట్ల పెట్టు నాయనా."

తన రవిక కుడిచెయ్యి పైకి లాగి, ఆ చేతిని అతని చేతి పక్కన పెట్టింది. ఆమె చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు. అక్కడక్కడా నల్లటి కాలిన మచ్చలు.

"నేను పొడుగు గరిటెతోనే తీసినా. అయినా ఇట్లయింది. నువ్వేమో వట్టి చేత్తో తీసినావు. ఆరేండ్లు."

అందరూ పీరా చెయ్యి చూశారు.

"దోర్నిపాడు జొన్నచేను మాదిరి ఏపుగా ఉండాదే!" అన్నాడు ప్రతాప్. కొట్టంతా ఒక్కసారిగా నవ్వింది. ఇంతియాజ్ తల దించుకున్నాడు.

"ఆడ... ఏందో క్రీము పూస్తారు ఖాలా," అన్నాడు పీరా. ఆ మాట అతనికే వినబుద్ధి కాలేదు.

"అగ్గి సంగతి నీకు ఒక్కటీ తెలీదు," అంది ఆమె. "సిగ్నళ్లు, గేట్లు, మెట్లు, తలుపులు మటుకు ఒక్కటీ తప్పుపోలే. బండి మీద పిజ్జాలు ఇంటింటికీ మోసినావు గదా?"

పీరాకి సిగ్గుతో చెవులు మండిపోయాయి. పని పోయిందని అర్థమైంది. ఇంక దాచి లాభం లేదనిపించింది.

"ఔ ఖాలా."

"ఆ లూకా పిజ్జా ఎప్పుడన్నా తిన్యావా?"

ఆరేళ్లు ఆ పెట్టెలు అతని వీపు వెనకే ఉన్నాయి. వేడి చొక్కాకి తగిలేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాసన ముందుకొచ్చేది.

"పెట్టెకు సీలు ఉంటాది ఖాలా. తెరిస్తే పని పోతాది."

అంకన్న పాలు కలపడం ఆపేశాడు.

ఫాతిమున్నీసా లేచి కొంగు సర్దుకుంది. "రేపు పొద్దున బస్సుకు నంద్యాలకు రా. భట్టీ ముందర నిలబడు. మొదటి పిజ్జా మాడిపోయినా సరే, నువ్వే తిను."

"అమ్మీ, మరి మాస్టర్..." అన్నాడు ఇంతియాజ్.

"ఆ చేతి మీద ఎంటికలు పోయిన దినం పిలుద్దాంలే మాస్టర్ అని."

"ఎన్నాళ్లు పడ్తాదప్పా పీరా?" అన్నాడు ప్రతాప్ ఊరుకోక.

"నాకైతే రెండు దినాలు..." పీరా నోరు అలవాటుగా జారింది.

బస్సు వైపు నడుస్తున్న ఫాతిమున్నీసా ఆగి వెనక్కి చూసింది. పీరా చొక్కా చేతులు కిందికి దించి, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్నాడు.