దారికి అడ్డంగా రబ్బరు గొట్టం

అమెరికాలోని టెన్నెసీలో ఓ జలాశయానికి రాబోయే పాతికేళ్ల ప్రణాళికను బడి హాల్లో చదివి వినిపించారు. అది వినేసి వదినామరదళ్లిద్దరూ బయటికొచ్చి ట్రక్కెక్కారు. రంగు మారిపోతుందేమోనన్న భయంతో వదిన ఒళ్లోని ప్రణాళిక పటాన్ని మళ్లీ విప్పింది.

"బండి తియ్యవే, ఎంతసేపు నవ్వుతావు?"

"నవ్వనీ వదినా. పోయినేడు ఆ జలాశయం ఆఫీసరు ఏమన్నాడూ? శ్మశానం దారిలో ఏడాదికి నాలుగు బళ్లు కూడా పోవట్లేదు, మూసేసి పడవల రేవు కడతామన్నాడు."

"అనడూ మరి! బళ్లు లెక్కపెట్టడానికి దారికి అడ్డంగా పరిచిన ఆ రబ్బరు గొట్టాన్ని చక్రం తొక్కితేనే వాళ్లకు లెక్క. మనమేమో సమాధుల దాకా బళ్లు తోలడం మర్యాద కాదని చర్చి దగ్గరే ఆపేసి, కోడి వేపుడు గిన్నెలు చంకనెత్తుకుని నడుస్తాం."

"అరవై ఏళ్లు నడిచాం. మనుషుల లెక్కలోకే రాలేదు!"

"అందుకేగా సమాధులకి పూలు పెట్టి అక్కడే భోంచేసే ఈ మే నెల పండగకి అందర్నీ బళ్లలోనే రమ్మన్నాను."

"మా అన్నయ్య ట్రాక్టరేసుకుని వచ్చాడు!"

"గొట్టం మీద మూడుసార్లు తిరుగుతానన్నాడు మీ అన్నయ్య. దొంగ లెక్క మనకెందుకని నేనే ఆపాను."

"అయినా నూట పన్నెండు బళ్లు, వదినా! ఆ అంకెని ఆఫీసరు రెండుసార్లు చదువుకున్నాడు."

"ఇదిగో, ఉంచేస్తామని మన దారికి ఆకుపచ్చ రంగేశారు. రేవు అవతలి ఒడ్డుకి పోయింది."

"పాతికేళ్ల దాకా మా అమ్మ సమాధి జోలికి ఎవడూ రాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత అమ్మ పక్కన మనిద్దరం కూడా ఉంటాంగా. రమ్మను, చూద్దాం!"