ఎవరు తీసుకెళ్లారో రాసే గడి

అదేం మాట మావయ్యా? ఆ ఒక్క గడి తీసేస్తే చాలా? మీ ఫ్యాన్ల గోదాం కోసం నేను వేసిన డేటాబేస్‌కి ప్రాణమే ఆ గడి. ఎవరు తీసుకెళ్లారో రాయందే సరుకు గుమ్మం దాటదు. యజమానికైనా అంతే, ఆయన మేనకోడలికైనా అంతే.

మళ్లీ నినాదాలు మొదలుపెట్టానా? సరే, పెట్టాను. లెక్క చెప్పని అధికారం దోపిడీయే. పుస్తకంలో చదివిందే, అయితే ఏం? అచ్చులో ఉన్నంత మాత్రాన అబద్ధమైపోతుందా?

మీకు పాత పద్ధతే ముద్దు. ఎంత సరుకుందో ఒక అంకె వేసుకోవడం, తేడా వస్తే దాన్ని చెరిపి ఇంకోటి కొట్టడం. నా దాంట్లో ఆ అంకె ఎవరి చేతికీ చిక్కదు. వచ్చినవీ పోయినవీ నమోదు చేస్తే, మిగిలిందెంతో అదే తేలుస్తుంది.

ఇన్నాళ్లూ ఏం జరిగింది చెప్పండి? మన ఇంటివాళ్లు వస్తారు, కావలసింది బండిలో పెట్టించుకుంటారు. రాయబోతే, మేమేమన్నా పరాయివాళ్లమా అంటారు. నెలాఖరుకి ఫ్యాన్లు తగ్గుతాయి. ఆ తగ్గినవన్నీ తాళాలాయన మెడకి చుట్టుకుంటాయి. గోదాం తాళాలు ఉండేది ఆయన దగ్గరే కదా, ఇంకెవరు దొరుకుతారు?

ఇవాళ సాయంత్రం ఆయన మీద దొంగ అని ముద్రవేసి పంపేస్తున్నారట. అత్తయ్య చెప్పింది. అందుకేగా ఈలోపే ఆ గడి తీసెయ్యమంటున్నారు?

నన్నలా చూడకండి, పైకి చూడండి. మీ నెత్తిన తిరుగుతున్న ఫ్యాన్ ఎక్కడిది? అత్తయ్య వంటింట్లోది? చిన్నబావ కొత్తింట్లో గదికొకటి? పొద్దున నేనే అందరినీ అడిగి ఆ గడిలో ఎక్కించాను. నవ్వుతూనే చెప్పారు, ఎవరికీ అది తప్పనిపించలేదు మరి. తగ్గినవన్నీ దొరికాయి. తాళాలాయన పేరు ఒక్క చోటా లేదు.

నన్ను పనిలోంచి మానిపిస్తారా? మానిపించండి. ఇంకొకణ్ణి పెట్టి చెరిపించుకోండి. ఎవరు చెరిపారో, ఎప్పుడు చెరిపారో కూడా అందులో పడుతుంది. అదంతా ముందే ఆలోచించి కట్టాను.

నిజం చెప్పనా మావయ్యా? ఇదంతా ఆయన ఒక్కడి కోసమే కాదు. నా చేత్తో మొదటిసారి కట్టింది ఇది. దాని చేత తొలిరోజే అబద్ధం ఆడించడం నా వల్ల కాదు.

ఏంటి, ఫ్యాన్ ఆపేశారు? ఆపుకోండి. ఆగినా అది మీ పేరు మీదే ఉంటుంది.