ఎడమవైపు ఖాళీ

పోయిన గురువారం పొద్దున ఏడూ పదికి మా బావ అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకున్నాడు మేడం. కుడి చెంప నున్నగా గీసుకున్నాడు. ఎడమ చెంప ముట్టుకోలేదు. మొహం తుడుచుకుని వచ్చి, ఏమీ ఎరగనట్టు కాఫీ అడిగాడు.

అలాంటి మనిషి కోసం ఐదు లైన్ల సవరణ వెయ్యడానికి మీకేమిటండీ అభ్యంతరం?

అభిప్రాయాలకి సవరణలుండవు, సరే. ఆ మాట ఇరవై ఆరేళ్లుగా నేనే అందరికీ చెప్తున్నాను. పేరు తప్పు పడితే చెప్పండి, తేదీ తప్పు పడితే చెప్పండి, బాగుందో బాగాలేదో మా ఇష్టం అని ఎంతమందికి ఫోన్ పెట్టేశానో. ఇప్పుడు బల్లకి ఇవతల నేను నిలబడ్డాను.

కూర్చోను లెండి. కూర్చుంటే మాట మార్చేస్తాను.

బావ ఎవరా? అదీ చెప్పాలి మీకు. పన్నెండు రోజుల కిందట, బుధవారం కాలమ్‌లో నేను ఆకాశానికెత్తిన చిత్రకారుడు మా అక్క మొగుడు. అవును, దాచాను. చెప్తే ఇంకొకరి చేత రాయించేవారు. అక్క ఫోన్ చేసి, "నాలుగు మంచి ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయిందిరా" అంది.

ఆయన ముప్ఫై రెండేళ్లు నీటి పంపుల ఫ్యాక్టరీలో నక్షాలు గీశాడు. బోల్టుకి బోల్టు, చిల్లుకి చిల్లు సరిపోవాలి. గోడ మీద ఫోటో వెంట్రుకవాసి వంకరగా ఉన్నా, అన్నం ముందునుంచి లేచి సరిచేసేవాడు. రిటైరయ్యాక ఇంట్లో సామానంతా బొమ్మలు గీశాడు. పొయ్యి, కుర్చీ, కుట్టుమిషను, దాని ముందు మా అక్క. లైబ్రరీ మేడమీద హాల్లో ఇరవై రెండు బొమ్మలు తగిలించారు.

అందులో చివరి ఆరింటికి ఎడమ సగం లేదు మేడం. కాగితం తెల్లగా ఉంది. కుర్చీకి రెండు కాళ్లు. అక్కకి ఒక కన్ను, ఒక చెవి, సగం ముక్కు.

దానికి నేనేం రాశానో ఫైలు తీయక్కర్లేదు, నాకు నోటికొచ్చు. "ఎడమవైపు వదిలిన ఖాళీ ఈ చిత్రకారుడి కొత్త ధైర్యం. గీయకుండా ఆపుకున్న సగమే చూపరిని కట్టిపడేస్తుంది." మీకూ నచ్చింది. శీర్షిక మీరే పెట్టారు.

లేదు, మిమ్మల్ని అనడం లేదు. మీరు బొమ్మలు చూడలేదు కదా.

నా బల్ల అద్దం కింద ఒక చీటీ ఉంటుంది, గమనించారో లేదో. ఈ కాలమ్ నాకు అంటగట్టిన కొత్తలో ఒక డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్లి, పరువు దక్కేట్టు నాలుగు మాటలు చెప్పమన్నాను. పధ్నాలుగు రాసిచ్చాడు. గీత, ఆకారం, సమతూకం, లయ, పొందిక, ఖాళీ... అలాగన్నమాట. వాటి కింద నాలుగు మెట్లు. ముందు బొమ్మలో ఏముందో చెప్పు. తర్వాత ఎలా అమర్చాడో చెప్పు. ఆ తర్వాత ఏమంటున్నాడో. అన్నిటికన్నా ఆఖర్న, బాగుందో లేదో. మొదటిది దాటకుండా రెండోదానికి పోకూడదని కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాడు, పాపం.

మూడొందల మాటల కాలమ్‌లో మొదటి మెట్టుకి చోటెక్కడిది? బొమ్మలో కుర్చీ ఉంది అని రాస్తే, అది నాకూ కనబడుతోందిలే అంటాడు చదివేవాడు. అందుకని పదకొండేళ్లుగా తిన్నగా రెండో మెట్టు మీదే కాలు పెట్టాను. ఒక వారం లయ, ఒక వారం పొందిక. నాలుగు నెలలుగా 'ఖాళీ' వాడలేదని ఈసారి అది తీశాను.

కుర్చీకి రెండే కాళ్లున్నాయి అని ఒక్క వాక్యం రాసుకుని ఉంటే, ఎందుకని అడగాలనిపించేది కదా.

డాక్టరు చెప్పింది ఇదీ. మెదడులో కుడివైపు నెత్తురు ఆగింది. నెలన్నర కిందటే ఒకసారి, చిన్నది. గురువారం రెండోసారి. ఇప్పుడు ఎడమ చెయ్యి లేవడం లేదు. కళ్లు బాగానే ఉన్నాయట. కానీ ఎడమవైపు అనేది ఒకటుందని ఆయనకి తట్టదు. కంచంలో కుడివైపు తిని, "ఇంతే పెట్టావేమే" అని అక్కని కసురుకుంటాడు. ఆవిడ కంచం తిప్పి పెడుతుంది.

తల ఎడమవైపు తిప్పించే అభ్యాసాలున్నాయి. రోజూ చేస్తే కొంత తిరిగొస్తుందట, ఇప్పుడే చెయ్యాలట, ఆలస్యమైతే కష్టమట. చేయించే అమ్మాయి కాగితానికి ఎడమ అంచున ఎర్ర రిబ్బను అంటించి, "ఇటు చూడండి తాతగారూ" అంటుంది.

ఈయన చూడడు. "చూసే వదిలేశానమ్మా. అది ధైర్యం. నువ్వు పేపరు చదవవా ఏమిటి?" అంటాడు. దిండు కింద నా కటింగు.

ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వబోయాను. అక్క నా వంక తిరిగి, "నీ ధైర్యం పాడుగాను" అంది. ఇంకో నాలుగు తిట్టినా బాగుండేది.

చెప్పానండీ, చెప్పకుండా ఉంటానా? "బావా, నేను తప్పు రాశాను, నీకు ఒంట్లో బాగాలేదు" అన్నాను. "నోటిమాటకేముందిరా, అచ్చులో ఉన్నది అచ్చులో ఉంది" అన్నాడు. ఆ మాట ఆయనకి నేర్పింది ఎవరనుకుంటున్నారు?

అందుకే ఈ కాగితం. "చివరి ఆరు బొమ్మల్లో ఎడమ సగం లేకపోవడం చిత్రకారుడి ఉద్దేశం కాదు. సమీక్షకుడు బొమ్మలను సరిగా చూడలేదు. అతను చిత్రకారుడికి బంధువు." జబ్బు సంగతి నేనే తీసేశాను, అది ఆయన సొంతం. రెండో వాక్యం కొట్టేస్తారా? మేడం, మిగతావి కొట్టెయ్యండి, అది ఉంచండి.

వేస్తారా? ... సరే. సరే మేడం. అయితే కుడిచేతి పేజీలో వెయ్యండి. కుడి చివరి కాలమ్, సన్నగా. ఎడమవైపు వేస్తే ఆయనకి కనబడదు. నా సమీక్ష కుడి చివరే పడింది, మా ఖర్మ.

ఇంకొకటుంది. ఇందాక పూర్తిగా చెప్పలేదు. ఆ కుర్చీ కాళ్లు నేను లెక్కపెట్టాను. రెండు. అక్క బొమ్మలో సగం ముక్కు దగ్గర ఆగి, రెండోసారి చూశాను కూడా. బావ పక్క గదిలోనే ఉన్నాడు, కుర్చీలు సర్దిస్తున్నాడు. పిలిచి అడగొచ్చు. ఇది కావాలని చేశావా అని అడిగితే, పదకొండేళ్లుగా రాస్తున్నవాడికి ఇదీ తెలీదా అనుకుంటాడేమోనని ఊరుకున్నాను. పదకొండు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

మా మేనకోడలు నాకు చెప్పకూడదనే అనుకుందట. నిన్న ఆస్పత్రి మెట్ల దగ్గర చెప్పేసింది. ఆ బుధవారం పొద్దున, భుజం మాటిమాటికీ గుమ్మానికి కొట్టుకుంటోంది, ఏదో తేడాగా ఉందే, డాక్టరుకి చూపించమని ఆయనే అడిగాడట. పదిన్నరకి రమ్మన్నారట. ఇది బండి తియ్యడానికి వెళ్లింది. ఈలోగా పేపరొచ్చింది. తిరిగొచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని నా కాలమ్ చదువుతున్నాడు. "డాక్టరెందుకే, మీ మావయ్య చూసి రాశాడుగా" అన్నాడట.

కుడికాలికి ఒక్కదానికే చెప్పు వేసుకుని ఉన్నాడట అప్పటికి. అది విప్పేసి, లోపలికెళ్లి బొమ్మ గీసుకోవడానికి కూర్చున్నాడు.