అనుమతి ముద్ర లేని పుస్తకం

తలుపులు మూసిన అచ్చాఫీసు. దాన్ని నడిపే అక్క. రాజుగారి కచేరీలో పుస్తకాలు చదివి, అనుమతి ముద్ర వేసే తమ్ముడు.

“మళ్లీ అడుగుతున్నా అక్కా. ఆ రాతప్రతి ఎవరు తెచ్చిచ్చారు?”

“తలుపు కింద పడుంటే తీశాను. జరుగు, అక్షరాల పెట్టె మీద చెయ్యి పెట్టకు.”

“ముద్ర లేకుండా ఎలా అచ్చేశావ్?”

“నీ దగ్గరకొస్తే వేసేవాడివా?”

“నేనా? వేస్తే నా మెడకి ఉరి.”

“అందుకే రాలేదు.”

“ఎన్ని వేశావ్?”

“మూడొందలు. చేపల బుట్టల అడుగున పెట్టి పంపేశాను. నిన్న చెప్పులు కుట్టేవాడు నాకే చదివి వినిపించాడు. ‘రాజంటే మనం పెట్టుకున్న కావలివాడు. కావలివాడే కన్నం వేస్తే పనిలోంచి తీసెయ్యొచ్చు.’ అక్షరం పొల్లుపోలేదురా!”

“మెల్లగా! మెల్లగా అక్కా. గోడలకి చెవులుంటాయి.”

“నీకెందుకురా ఇంత చెమట?”

“ఉక్క. ఎవరు రాశారో నీకు తెలుసా, తెలీదా? అదొక్కటీ చెప్పు.”

“తెలిస్తే?”

“తెలీకపోతేనే మంచిది. పొద్దున బడిపంతులుగారిని పట్టుకుపోయారు.”

“మనకి చదువు చెప్పిన ఆయన్నా? ఆయనెందుకు?”

“బల్ల మీద ఆ పుస్తకం దొరికిందట. నాలుగు తగిలించేసరికి, తనే రాశానని ఒప్పేసుకున్నారు.”

“డెబ్భై ఏళ్ల మనిషిని కొట్టారా!”

“ఎల్లుండి శిక్ష. ఇంక ఎవర్నీ వెతకరు. నువ్వు క్షేమం. రాసినవాడూ క్షేమం.”

“ఆయన రాయలేదురా.”

“ఒప్పుకున్నారు కదా!”

“రాయలేదు.”

“నీకెలా తెలుసు?”

“ఆ రాత చూసి అక్షరాలు కూర్చింది నేను. పలక మీద చెయ్యి పట్టి నీకు దిద్దించిందీ నేనే. గుర్తుపట్టనా?”

“ఎప్పుడు తెలిసింది?”

“మొదటి పేజీలోనే.”

“తెలిసే అచ్చేశావా?”

“బావుంది కాబట్టి వేశాను. మా తమ్ముడికింత గుండె ఎక్కడిదా అని మురిసిపోయాను కూడా.”

“గుండే కాదు, గాడిదగుడ్డూ కాదు. పగలంతా పదిమంది రాసినవి చింపేవాణ్ణి. ఇంటికెళ్తే అన్నం సయించేది కాదు.”

“ఇప్పుడు సయిస్తుందా?”

“ఆయన చెయ్యి విరిగిందే. ఆ ఒప్పుకోలు కాగితం... అది రాసింది నేనే. పక్కనే కూచుని రాశాను.”

“నువ్వా!”

“తిట్టవే! తిట్టు!”

“ఏమని తిట్టను?”

“ఆ రాతప్రతి కాల్చేశావా?”

“లేదు. దాచాను. ఎందుకు?”

“ఇలా ఇవ్వు. రేపే వాళ్ల ముందు పెడతాను. కచేరీలో నా చేతిరాత తెలియనివాడు లేడు.”