లారీని కొండెక్కించిన తేన్పు

బొబ్బిలి నుంచి సాలూరు పోయే రోడ్డు పక్కన కూర్మయ్య టీకొట్టు ఉంది. అక్కడి టీ తాగకపోయినా మేం బతగ్గలం గాని, నరసింగరావు నోరు విప్పాక మధ్యలో లేచి వెళ్ళడం మాత్రం మావల్ల కాదు. ఆయన పశువుల ఆసుపత్రిలో అటెండరు. గాజుపలకలు కడగడం, డాక్టరుగారి సంచి మొయ్యడం ఉద్యోగం. ఖాకీ చొక్కా తొడిగాడంటే మాత్రం డాక్టరుగారే తన సంచి మోస్తున్నట్టు నడుస్తాడు.

ఆవేళ ఆయనకి సోములుతో పని పడింది. సోములు మందలో ఆ ఏడాది ఏడు గొర్రెపిల్లలు దక్కాయి. మచ్చుకి పెంచి చూపిస్తానని వాటిలో ఒకదాన్ని నరసింగరావు మొన్ననే తన ఇంటికి పట్టుకుపోయాడు. మిగిలిన ఆరూ కూడా సగం వాటా మీద పెంపకానికి తనకే ఇచ్చేస్తే దసరా నాటికి దూడలంత చేస్తానని ఇప్పుడు పట్టు పట్టాడు. సోములుకి, పెళ్ళాం నీలవేణికి ఆ ఏడాది ఆధారం ఆ పిల్లలే. ఆవిడ ససేమిరా అంది. సోములు సగం మెత్తబడ్డాడు. మిగతా సగం మెత్తబెట్టడానికి నరసింగరావు గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఒరే సోములూ, ఇటు సూడు. నాను కోతలు కోసీ మనిషిని కాదు, కావాలంటే కూర్మయ్యని అడుగు. (కూర్మయ్యకి పొలమారింది.) రెండేళ్ళ కింద బొబ్బిలి సంతలో ఒక గొర్రిపిల్ల పడున్నాది. తల్లి సచ్చిపోనాది. పిల్ల అరసెయ్యంత. సంచిలో ఏసుకుని ఇంటికి తెచ్చినాను, సీసాతోటి ఆవుపాలు పట్టినాను. ఇందులో గొప్పేటి నేదు, ఎవులైనా సేస్తారు, నువ్వైనా సేస్తావు. నెల్లాళ్ళు తిరిగీసరికి పిల్ల గెంతుతన్నాది. గాని గడ్డి ఏస్తే నముల్తాది, మింగుతాది, అరగదు. ఎందుకో తెల్సా?"

"ఎందుకు బావా?" అన్నాడు సోములు.

"దాని కడుపులో జనం నేరు."

"జనవేటి?"

"పురుగులురా! కంటికి ఆనని పురుగులు. గొర్రి కడుపంటే నీ కడుపులాగ ఒక్క గదనుకున్నావేటి? నాలుగు గదులు. పుట్టినప్పుడు అందులో పెద్దగది గుప్పిడంతే ఉంటాది, పాలు దాన్ని తగలకుండా పక్కనుంచి జారిపోతాయి. పిల్ల గడ్డి కొరకడం మొదలెట్టినాక ఆ గది పెరుగుతాది. తల్లి మూతి నాకినప్పుడు, తల్లి తిన్న గడ్డిలో మూతెట్టినప్పుడు తల్లి పురుగులు పిల్లకొస్తాయి. గడ్డిని పులియబెట్టి బలం సేసీది అవే. తల్లి నేని పిల్లకి పురుగులు ఎవులిస్తారు సెప్పు?"

"ఇదంతా డాట్రుబాబు నీకు సెప్పినాడేటి?" అన్నాడు కూర్మయ్య.

"నాను డాట్రుబాబుకి సెప్పినాను! మా ఆసుపత్రి భూతద్దం కింద గొర్రి కడుపులో నీళ్ళు ఒక్క సుక్క ఏసి సూసినాను. ఓరి నాయనో, సాలూరు సంత! లక్షల మంది. ఒకడు మోస్తన్నాడు, ఒకడు తోస్తన్నాడు. నన్ను సూసి అందరూ ఒక్కపాలి ఆగిపోనారు, అటెండరుబాబు వొచ్చినాడని. పనిలోకి పొండర్రా అన్నాకే కదిలినారు. అప్పుడు నాను ఏటి సేసినాను? పక్క మందలో గట్టి గొర్రి ఒకటి నెమరేస్తంటే, దాని దవడలో ఏలెట్టి నెమరుముద్ద తీసి మన పిల్ల నోట్లో కుక్కీసినాను. మర్నాటికి గడ్డి అరిగిపోనాది!"

"అది మంద కాసీ ముసలమ్మలందరికీ తెలిసిందే కదేటి," అన్నాడు కూర్మయ్య.

"ముసలమ్మలకి ఎవులు నేర్పినారనుకున్నావు? మా తాత! అడ్డం రాకు. ఒక్క గొర్రి నెమరుతోటి ఆగిపోతే నాను నరసింగరావుని ఎలగవుతాను? ఆవు నెమరు పెట్టినాను. గేదె నెమరు పెట్టినాను. కొండమేకది పెట్టినాను. ఇజీనారంలో సర్కస్సు దిగితే ఒంటె దవడలో కూడా సెయ్యెట్టినాను. అది ఊరుకుంటాదేటి, నా మొకం మీద ఉమ్మీసినాది. ఆ ఉమ్మి కూడా పారబొయ్యనేదు, తుడిసి పిల్లకే పెట్టినాను. ఇంక సూసుకో, పోయినేడు ఓట్ల కాడ మన ఊరు రెండు జట్లయిపోనాది కదా, దాని కడుపులో అయిదు జట్లు! గడ్డి జట్టు, ఆకు జట్టు, పొట్టు జట్టు, ముళ్ళ జట్టు, ఏదైనా తినీ జట్టు. ఆనక ఏటయినాదో తెల్సా?"

ఎవరూ తెలుసనలేదు. తెలుసన్నా ఆయన ఆగడు.

"గడ్డికుప్ప తినీసినాది. గొడ్ల సాల మీద కప్పు తినీసినాది. గోనెసంచులు మడతెట్టి మరీ తినీసినాది. బొబ్బిలిలో వీణలు సేసీ ఈధిలో కట్టినాను, పనస సెక్కపొట్టు బస్తాడు నాకీసినాది. ఆ రోజునుంచి అది 'మే' అంటే సురుతిలో అంటాది! వీణ సేసినాయన పరుగెట్టుకొచ్చి, బాబూ, ఇంకొక్కపాలి అనిపించండి, తీగలు సరిసూసుకుంటానని దండవెట్టినాడు. నౌపడ ఉప్పుమడుల కాడికి తోలుకెల్తే పగలంతా ఉప్పు నాకినాది. ఆ నెల మాయింట్లో ఉప్పు కొననేదు. ఎలగని మాత్రం అడక్కు."

కూర్మయ్య తన చేతిలో గ్లాసు వంక ఒకసారి చూసుకుని, పక్కన పెట్టేశాడు.

"అసలు సంగతి ఇప్పుడొస్తాది, సరిగ్గా కూకో సోములూ. కడుపులో పురుగులు పని సేస్తే గాలి పుడతాది. గొర్రి దాన్ని తేన్పుల్లో వొదుల్తాది. మామూలు గొర్రికి మామూలు తేన్పు. అయిదు జట్ల పురుగులున్న గొర్రికి ఎలాంటి తేన్పొస్తాది? ఒకరోజు సుంకి ఘాటీలో సాలూరు లారీ ఆగిపోనాది. నిండా ధాన్యం బస్తాలు, డీజిలు సుక్క నేదు. డ్రైవరు నెత్తి పట్టుకుని కూకున్నాడు. నాను పిల్లని తోలుకుని అలగే ఎల్తన్నాను. పిల్లంటన్నాను గాని అప్పటికది గేదంత! సైకిలు ట్యూబు కోసి ఒక కొస దాని నోట్లో పెట్టినాను, ఇంకో కొస ఇంజనుకి తగిలించినాను. డొక్క మీద ఇలగ ఒక్క సరుపు సరిసినాను..."

చరుపు పక్కనున్న సోములు వీపు మీద పడింది.

"బ్రేవ్‌మన్నాది! లారీ కొండెక్కినాది! ఎక్కడం గొప్ప కాదురా, ఎక్కినాక ఆగనేదు! డ్రైవరు బ్రేకు మీద నిలబడినాడు, అయినా ఆగనేదు. ఇంతలో పిల్లకి ఎక్కిళ్ళొచ్చినాయి. లారీ గెంతుతా గెంతుతా ఒక్కో మలుపు దాటినాది, బస్తాలు ఎగిరి మళ్ళీ లారీలోనే పడినాయి, ఒక్క గింజ కింద పడనేదు. కొరాపుట్‌లో మంచినీళ్ళు తాగించినాకే ఆగినాది."

"ఆ పిల్ల ఇప్పుడెక్కడున్నాది బావా?" సోములు గొంతులో నిజంగా భక్తే వినిపించింది. నాకు జాలేసింది.

"ఢిల్లీ తీసుకుపోనారు. ఇమానానికి కావాలంట. ఇయ్యాల్సొచ్చినాది, దేశం కోసం. మరి అలాంటి పిల్లని పెంచినోడికి నీ ఆరు పిల్లలు ఒక పనేటి? డొక్కకి సెవి ఆనిస్తే సాలు, ఏటి తిన్నాదో, ఎవులు పెట్టినారో, లోన ఎంతమంది బతికున్నారో సెప్పెస్తాను."

"సరే బావా, మాపిటేల తోలుకొస్తాను," అనేశాడు సోములు.

ఆ మాట అనడమూ, నీలవేణి కొట్టు ముందుకు రావడమూ ఒక్కసారే జరిగాయి. ఆవిడ చేతుల్లో పాత చీరముక్క చుట్టిన గొర్రెపిల్ల. తల వేలాడేసి ఉంది. సోములు లేవబోయాడు. ఆవిడ కళ్ళతోనే కూర్చోమంది.

"అన్నా, దీని డొక్కకి సెవి పెట్టి సూడు," అంది నరసింగరావుతో.

ఆయన సంబరంగా చెవి ఆనించాడు. కళ్ళు మూశాడు.

"సెల్లెమ్మా, ఎవుడో బుద్ధి నేని ఎదవ నిన్న దీనికి అన్నం పెట్టినాడు. గడ్డికి అలవాటు పడిన కడుపులో ఒక్కపాలి అంత కూడు పడితే ఏటవుతాది? పులిసిపోతాది. ఆ పులుపుకి గడ్డి పురుగులు సచ్చిపోతాయి, డొక్క డోలు అయిపోతాది. గింజైనా కూడైనా పెట్టాలంటే రోజుకింతని, పిడికెడుతోటి మొదలెట్టాల. అది కూడా తెలీనోడు జీవాలని పెంచకూడదు. ఆడ్ని ఈ రాటకి కట్టీసి మూడ్రోజులు పస్తులుంచాల!"

"నిజవేనా అన్నా?"

"నా ఉజ్జోగం మీద ఒట్టు!"

"ఆనక ఏటయినాదో తెల్సా?" అంది నీలవేణి.

ఆ మాట ఇంకొకరి నోట వినడం మాకదే మొదలు.

"మొన్న మచ్చుకని మాయింటికాడ్నుంచి ఒక పిల్లని తీసుకెల్లినావు కదా. అది దసరాకి దూడంత అవ్వాలని నిన్న మాపిటేల కుండడు అన్నంలో బెల్లం కలిపి పెట్టినావంట. వొద్దన్నాదని నీ పెళ్ళాం సుభద్రొదిన మీద కసిరినావంట. తెల్లారగట్ల అది కాళ్ళు బారసాపీసి పడిపోనాది. నువ్వు గుర్రెట్టి తొంగున్నావు. వొదినే దీన్ని సంకనెట్టుకుని ఏడుసుకుంటా మాయింటికొచ్చినాది. వంటసోడా నీళ్ళు తాగించినాను, డొక్క పామినాను, మా ముసలిగొర్రి దవడలో నెమరుముద్ద తీసి దీని నోట్లో పెట్టినాను. ఇందాకే కళ్ళు తెరిసినాది. రెండ్రోజులు నీ సాల్లో ఉన్న పిల్ల మొకం గుర్తు పట్టనేదు నువ్వు. పురుగుల మొకాలు గుర్తు పడతావేటి?"

నరసింగరావు మెల్లిగా చెవి వెనక్కి తీసుకున్నాడు. "అది కాదు సెల్లెమ్మా... నా లెక్క ఏటంటే..."

సరిగ్గా అప్పుడు ఆ పిల్ల మెడ చాచి చిన్నగా తేన్చింది. పులిసిన గంజి వాసన ఆయన మొహానికే కొట్టింది.

"నరసింగా, రోడ్డు మీద లారీ ఆగున్నాది," అన్నాడు కూర్మయ్య. "ట్యూబు తెమ్మంటావేటి?"

మేం నవ్విన నవ్వుకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. సోములు ఒక్కడే నవ్వలేదు. పిల్లని పెళ్ళాం చేతుల్లోంచి తీసుకుని గుండెకి ఆనించుకున్నాడు.

"మరి ఆ ఆరు పిల్లల సంగతేటి సోములూ?" అన్నాడు నరసింగరావు, ఇంకా ఆశ చావక.

సోములు నోరు తెరిచేలోగా నీలవేణే జవాబు చెప్పింది.

"దీని కడుపులో పురుగులు నీ మాట నమ్మి సచ్చినాయి, సాలదా అన్నా? మాకింకా బతకాలనున్నాది."