కప్పం వచ్చే వేళ

కిరందుల్ కొండ మీది ఇనుప గని నుంచి మొదటి షిఫ్టు వాళ్లను దించుకొస్తున్న కంపెనీ బస్సు. బయట వాన, పొగమంచు. వెనక సీటులో షావెల్ ఆపరేటరు తాతబాబు, ఆయన పక్కనే డంపరు నడిపే ఉమామహేష్. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఫోన్లలో ఇద్దరూ ఆడే రాజ్యాల ఆట ఉంది, సిగ్నల్ లేదు, తాతబాబు ఒంట్లో ప్రాణమూ ఇంచుమించు లేదు.

"అయిపోయింది బాబాయ్. కూటమిల ఓట్లు పడ్డయి. చెక్‌పోస్టు కాడ సిగ్నల్ రాంగనే చింతపిక్క రాజ్యాన్ని లేపేస్తున్నం."

"ఓటేశారా, వేటేశారా? నన్నడక్కుండా ఓటేటిరా ఉమామహేషూ? చింతపిక్క నా సామంత రాజ్యం. నాను గెలిచింది, నాను ఉంచుకున్నది."

"అదే గద లొల్లి. ఓడినోణ్ణి ఉంచుకునుడేంది? చెరిపేస్తే వాడు ఆట నుంచే పోతడు, జాగా మనదైతది. సామంతుడని ఉంచుకుంటే రోజూ ఇంత ధాన్యం కప్పం పంపుతడు, అదను చూసి వీపుల పొడుస్తడు."

"అందరూ పొడవర్రా."

"గీదమోడు ఏం చేసిండు? పాపమని మన కూటమిల కళ్యాణ్ సామంతుడిగ ఉంచుకున్నడు. రాయ్‌పూర్ కూటమోళ్లు రాంగనే వాడే తలుపులు తీసిండు. కళ్యాణ్ కోట పాయె, కళ్యాణ్ పాయె."

"గీదమోడికి సైన్యం మిగిల్చారు, అందుకని తిరగబడ్డాడు. నా చింతపిక్కకేటుంది? నాలుగు గుర్రాలు. అందులో ఒకటి కుంటిది."

"ఇది ఫోన్ల ఆట బాబాయ్. గుర్రాలు కుంటవు."

"నాకు కుంటినట్టే కనబడతంది. ఒరే, బలం లేనోణ్ణి ఉంచుకుంటే లాభవే గానీ నష్టం లేదు. వాడి కోటకి మనం కావలి పెట్టక్కర్లేదు, వాడే పెట్టుకుంటాడు. మనకీ శత్రువుకీ మధ్యన గోడలాగుంటాడు. పైగా తిండి పంపుతాడు. సామంతులంటే చేమంతుల్రా! ఒక్కటి పీకితే దండంతా జారిపోద్ది."

"చేమంతులు బానే ఉన్నయి గని, ఆ గోడ కనుమల ఉన్నది. రాయ్‌పూరోళ్లు వచ్చే తొవ్వ అదొక్కటే. నాలుగు గుర్రాలు ఆపుతయా వాళ్లను?"

"నా సైన్యం దింపుతాను."

"సామంతుడి జాగాల మీ సైన్యం దిగనియ్యదు ఆట. తెలిసే అంటున్నరు మీరు."

"తెలిసే అంటన్నాను. ఏదో ఒకటి అనాల కదా."

"తాతబాబు గారూ! కొంచెం మెల్లగా! ఈ మలుపుల్లో నా గేరు చప్పుడు నాకే వినపడట్లేదు!"

"శామ్యూలూ, నువ్వు డ్రైవరువి, నువ్వే మెల్లగా పోనీ నాయనా. ఎంత ఆలీసంగా చెక్‌పోస్టు కాడికి దించితే నీకంత పుణ్యం."

"ఇంతకంటే మెల్లగా అంటే అందరూ దిగి వెనక్కి తొయ్యాలండి."

"తోస్తాను! నానొక్కణ్ణే తోస్తాను!"

"బాబాయ్, కూసోండి. ఏమైంది మీకు?"

"నాకేటవుద్ది? ఈ కొండ మీద ఇనుము ఇనుము అంటే అందరూ తవ్వుతారు గానీ ఒక్కడూ ఇనడు. అదీ నా బాధ."

"వింటున్న. చెప్పండి."

"వచ్చే వారం దాకా ఆగు."

"వచ్చే వారం దాకా రాయ్‌పూరోళ్లు ఆగుతరా?"

"రెండ్రోజులు."

"బాబాయ్."

"పోనీ రేపు. రేపు కప్పం వొచ్చీదాకా. దండుతో ఎల్లొద్దు ఉమా, నీకు దండం పెడతాను."

"చేతులు దించండి! అందరూ చూస్తున్నరు. మీరు నాకు దండం పెట్టుడేంది?"

"నా ఇనప కోట నీకిచ్చేస్తాను. నది ఒడ్డుది కూడా తీసుకో. కూటమిలో నా కుర్చీ ఎవుడికైనా ఇచ్చీ. చింతపిక్కనొగ్గీ. అంతే. ఇంకేటీ అడగను."

"ఇనప కోటనా? దాని కోసం మొన్న దీపావళప్పుడు నాతోని మాట్లాడుడు బంద్ చేసిండ్రు మీరు. మా ఇంటికి మిఠాయి గూడ పిన్నితోనే పంపిండ్రు."

"తిన్నావు కదా? అరిగిపోనాది కదా? ఇంకెందుకా మాట."

"ఎవరు బాబాయ్, ఆ చింతపిక్క?"

"ఎవరో. నాకేటి తెలుసు."

"ఎవరో అయితే ఆ చెమటేంది?"

"వాన."

"కిటికీ మూసే ఉన్నది."

"కిటికీకి చిల్లుంది."

"ఎవరు?"

"ఆవపల్లిలో ఉంటాది."

"ఉంటాదా? ఆడమనిషా? ఆవపల్లి అంటే... మీ లాస్యనా?"

"పేరెత్తకు."

"మీ బిడ్డ పేరే గద!"

"అందుకే ఎత్తొద్దంటన్నాను. ఇంట్లో ఆ పేరు ఇనబడకూడదని రూలెట్టాను. నానే పెట్టాను. ఇప్పుడు మా జయ ఎత్తదు, నాను ఎత్తలేను. కంచం పెట్టినప్పుడు ఇద్దరం మూడో పీట వైపు సూసి, గోడ వైపు సూసినట్టు నటిస్తాం."

"నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు గొడవైందని తెలుసు. పేరు గూడ ఎత్తనంత దూరం పోయిందని తెల్వదు."

"గొడవేటి? ఆ అడవిలోకి ఒద్దన్నాను. బచేలిలోనే ఏదో ఒకటి నాను సూస్తానన్నాను. నర్సింగు కూడా నానే సదివించాను కదా, దానికి లెక్కలిష్టవైతే. ఏ బస్సెక్కాలో నానే సెప్పాను, ఎవుళ్లతో మాట్లాడాలో నానే సెప్పాను, ఏనాడూ నోరెత్తలేదు. ఆవేళ కూడా ఎత్తలేదు. నాను డ్యూటీ నుంచి దిగొచ్చీసరికి ఎల్లిపోనాది."

"ఫోన్ చెయ్యలేదా మీరు?"

"తనంతట తానొచ్చి అడిగీదాకా ఫోను చెయ్యను, గుమ్మం తొక్కనియ్యను అన్నాను. వీధిలో నిలబడి అన్నాను. నా గొంతు నీకు తెలుసు కదా."

"తెలుసు. మా వీధి దాకా వచ్చింది."

"మరి ఎనక్కెలా తీసుకుంటాను?"

"పిన్ని మాట్లాడతదా?"

"పెరట్లోకెల్లి మాట్లాడతాది. నాను దగ్గితే కట్ చేసేస్తాది. ఎవరే అంటే రాంగ్ నంబరంటాది. అరగంట సేపు రాంగ్ నంబరేటిరా? అందులో మజ్జిగపులుసు ఎలా పెట్టాలో సెప్పడవేటి?"

"ఏడుస్తున్నరా నవ్వుతున్నరా బాబాయ్?"

"నాకూ తెలీట్లేదు. కంగారు పడకు."

"ఆటల ఎట్ల దొరికింది మరి?"

"ఈ ఆట నాకు నేర్పిందే అది. దాని ఫోన్లోనే ఇద్దరం ఆడీవోళ్లం. చిన్నప్పుడు జయ దాన్ని చింతపిక్కనేది. నల్లగా, నున్నగా, పట్టుకుంటే చేతిలోంచి జారిపోయీది. వానలకి ముందు ఓరోజు మ్యాపులో ఆ పేరు కనబడ్డాది. నా రాజ్యం పక్కనే! మీరంతా దాని మీదకి బయల్దేరతన్నారు. మీకంటే బేగి ఎల్లి నానే ఓడించీశాను. చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. ఉంచుకున్నాను."

"ఉత్తరం గేటు నుంచి పోయినరు. గుర్తున్నది. తొందరేందని తిట్టిన."

"నానెప్పుడూ ఉత్తరం నుంచే ఎల్తాను. అది దానికి తెలుసు. అందుకే కిక్కురుమనకుండా కప్పం పంపుతంది."

"మీరని చెప్పినరా ఆమెకు?"

"సెప్పాలేటి? తండ్రి యుద్ధం కూతురికి తెలీదేటి?"

"మీ పేరు లోహ సమ్రాట్ అని పెట్టిండ్రు. హిందీల. కిరీటం బొమ్మ, కోర మీసం. నాకే మొదట్ల రాయ్‌గఢ్ సేటు అనిపించింది."

"నీకనిపిస్తాది. దానికనిపించదు. ఆ ఆటలో రాజు సామంతుడితో మాట్లాడ్డానికి లేదు కదా, కావలిస్తే సామంతుడే రాజుకి ఒక్క విన్నపం పెట్టుకోవాల. అది పెట్టుకోదు. మొండిది. కానీ కప్పం పంపుతాది."

"కప్పానిదేంది బాబాయ్? నాలుగు బస్తాల బొమ్మ."

"నీకు బొమ్మ. ఆ బస్తాలు పొద్దున్నే వొచ్చాయంటే నైట్ డ్యూటీ దిగి గదికొచ్చిందన్నమాట. సాయంత్రం వొచ్చాయంటే పగటి డ్యూటీ. మద్దేన్నం వొచ్చాయంటే ఆవేళ సెలవు, తలంటుకుని ఉంటాది. వానల్లో ఆలీసవైతే అక్కడ టవరు పోయిందని. ఇన్నేళ్లు షిఫ్టుల్లో బతికినోణ్ణి, నాకా మాత్రం తెలీదా? బస్తాలొచ్చిన రోజు నాకన్నం సయిస్తాది."

"పిన్నికి చెప్పినరా?"

"సెప్పలేదు. కానీ బస్తాలొచ్చాక నాను కూనిరాగం తీస్తాను. అది ఇని, పొయ్యి మీద ఇంకో అప్పడం కాలుస్తాది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ తెలీదు."

"నాకు ముందే చెప్పొద్దా! సరే, ఇట్ల చెయ్యండి. చెరిపేసుడు వద్దు. మీరే ఇడిచిపెట్టండి ఆమెను. సామంతం రద్దు చేస్తే స్వతంత్రురాలైతది. అప్పుడు మన కూటమిలకు సమానంగ పిలుస్త, ఒప్పుకుంటే కనుమల నా సైన్యం దింపుత. ఆమె ఉంటది, మనం ఉంటం."

"ఒగ్గేస్తే కప్పం?"

"ఉండదు."

"ఉండకపోతే నాకెలా తెలుస్తాది?"

"ఏంది?"

"గదికొచ్చిందో లేదో. తిన్నాదో పస్తుందో. ఒగ్గేస్తే రాయ్‌పూరోళ్లలో కలిసిపోతే? అసలు ఆటే మానేస్తే?"

"అది ఆమె ఇష్టం గద."

"ఒగ్గను."

"అయితే చెరిపేస్త."

"ఉమా!"

"నన్నేం చెయ్యమంటరు? బచేలిల ఇద్దరు, దంతెవాడల ముగ్గురు, అందరూ నా మాట కోసం ఫోన్లు పట్టుకొని కూసున్నరు. రాయ్‌పూరోళ్లు కనుమకు ఆనుకొని దిగిండ్రు. రెంట్ల ఒకటి చెప్పండి."

"నీకు ఆడపిల్ల ఉంటే తెలుస్తాది."

"ఉన్నది బాబాయ్. మీరే పేరు పెట్టిండ్రు."

"పెట్టాను కదా. మర్చిపోనాను."

"ఒక్క ఫోన్ చేయండి. ఆట గీట ఏం వద్దు. సిగ్నల్ రాంగనే నంబరు కొట్టండి. నేను కలిపి ఇస్త."

"వీధి వీధంతా ఇన్న మాట..."

"వీధికేం పని? వీధోళ్లు ఎప్పుడో మరిచిండ్రు. మీకొక్కరికే యాదికున్నది."

"నంబరు కూడా తీసేశాను. ఆవేళే."

"పిన్ని కాడ ఉంటది."

"జయనడగాల. అడిగితే, ఓడిపోయానని దానికి తెలిసిపోద్ది."

"చెక్‌పోస్టు! టవరొచ్చింది, ఫోన్లున్నవాళ్లు లేవండి! తాతబాబు గారూ, ఇంతకంటే ఆలస్యంగా నా వల్ల కాలేదండి."

"ఉమా, నొక్కకు. ఆగు. నొక్కకురా! నీ కాళ్లు... ఉండు, నాకేదో వొచ్చింది. ఎర్ర బుడగ. సూడు, సూడు, చింతపిక్క నుంచి! విన్నపం! ఒరే, విన్నపం పెట్టుకుందిరా!"

"ఏదీ?"

"తనంతట తానే! సెప్పానా? తనంతట తానే అడుగుతాదని సెప్పానా లేదా? శామ్యూలూ, బండాపు! అందరికీ టీ నాది! సదువు ఉమా, అక్షరాలు గెంతుతన్నాయి. నాన్నా అని ఉందా?"

"హిందీల ఉన్నది."

"హిందీయేటి? ఆసుపత్రిలో అలవాటైపోయుంటాది. సదివి తెలుగులో సెప్పు. బేగి."

"జరాగండి. ముందుగాల మనోళ్లకు ఒకటి పెడుత."

"ఏటిరా?"

"దాడి ఆపమని పెట్టిన బాబాయ్, మనోళ్లకు. ఇగ భయం లేదు. ఇంటికి పోయినంక నిదానంగ చూసుకోండి."

"దానికి ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉన్నది."

"బదిలీ అయిందా? ఇంకా దూరవా?"

"కాదు."

"మరెందుకు నా మొహం సూడవు? నాన్నా అని ఉందా లేదా?"

"లేదు. సమ్రాట్ జీ అని ఉన్నది."

"ఎగతాళి! నా కూతురు కదా, నోటికి నా పోలికే! తర్వాత?"

"బాబాయ్, వద్దు."

"సదువు. ఉన్నదున్నట్టు సదువు."

"'సమ్రాట్ జీ, మీరెవరో నాకు తెల్వదు. నన్ను ఇడిచిపెట్టండి, లేకుంటే చెరిపేయండి, సామంతురాలిగ మాత్రం ఉంచొద్దు. ఒకరి కింద నోరు మూసుకొని ఉండలేకనే ఇల్లు దాటి వచ్చిన. మరి కప్పమెందుకు కట్టిన అంటరేమో. మా నాన్న కూడా ఈ ఆట ఆడతడు. ఏదో ఒకరోజు ఈ తొవ్వల కనబడతడు, సాటి రాజు లెక్క నిలబడి మాట్లాడుకుంటం అని, అప్పటిదాక చెరిగిపోవద్దని కట్టిన. ఆయన రాలేదు. మీరొచ్చిండ్రు.'"